మా ఇంట్లో షూటింగండీ!

ఉప్పల్‌లో మీకో పాత డాబా ఇల్లుందనుకోండి. ముందు వేపచెట్టు, వెనక బావి. ఓ పొద్దున గేటు ముందు కారాగుతుంది. ‘మీ ఇల్లు మా కథకు అచ్చుగుద్దినట్టుందండీ... నాలుగు రోజులు షూటింగుకిస్తారా?’ అంటాడు ప్రొడక్షన్ మేనేజర్. ఇంట్లో పిల్లలప్పుడే స్నేహితులకు ఫోన్లు చేసేస్తారు!

ఈ చుట్టుపక్కలవాళ్లకు సినిమా కొత్తేం కాదు. నాచారంలోని రామకృష్ణా స్టూడియో ఎన్టీఆర్ పెట్టిందే. చిన్నవయసులోనే పోయిన పెద్దకొడుకు పేరు దానికి పెట్టుకున్నారు. 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ వచ్చాక నగరానికి ఈ వైపు యూనిట్ల రాకపోకలు ఇంకా పెరిగాయి. స్టూడియోలుండగా మనిల్లెందుకంటారా? సెట్ వేయాలంటే కర్ర, ప్లైవుడ్, వడ్రంగులు, రోజులు. అరిగిన గడప, పెచ్చులూడిన సున్నం మీ ఇంట్లో రెడీగా ఉంటాయి. ఫైట్లకైతే పారిశ్రామికవాడలో మూతబడ్డ షెడ్డు చాలు. రోడ్డుమీద బస్సుల మోత కూడా పెద్ద అడ్డంకి కాదు. మన సినిమాల్లో మాటలు చాలావరకు తర్వాత డబ్బింగ్‌లోనే చెప్పిస్తారు కదా.

వచ్చేది హీరో, హీరోయిన్ మాత్రమే అనుకుంటే పొరపాటే. వాళ్ల వెనక జనరేటర్ వ్యాను, లైట్లు, ట్రాలీ పట్టాలు, భోజనాల బండి, వందమందికి తగ్గని జనం! లైట్లకు కరెంటు జనరేటర్ నుంచే తీసుకోవాలని ముందే చెప్పాలి. ఇంటి వైరింగ్ ఆ లోడు తట్టుకోదు. ఎన్ని గదులు, ఎన్ని గంటలు, రాత్రి షూటింగ్ ఉందా... అన్నీ అగ్రిమెంటులో ఉండాలి. అద్దెతోపాటు డిపాజిట్టూ తీసుకోవాలి. మొదటిరోజే గది గదికీ ఫొటోలు తీసిపెట్టుకుంటే, విరిగిన టైలు దగ్గర వాదన ఉండదు.

అసలు తిరకాసు గోడల దగ్గరొస్తుంది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌వాళ్లు తెల్లగోడకు నీలం వేస్తారు, మేకులు కొడతారు, మీ సోఫా బయటపెట్టి వాళ్లది తెస్తారు. సగం సీన్లయ్యాక హీరో డేట్లు దొరకవు. కంటిన్యుటీ కోసం ఆ నీలం గోడ అలాగే ఉండాలి. నెలా? రెండు నెలలా? ఈలోగా ఇంట్లో పెళ్లి కుదిరితే ఏం చేస్తారు! అందుకే ఎప్పటిదాకా అలా ఉంచాలి, గడువు దాటితే అదనంగా ఎంతిస్తారు, పాత రంగు ఎవరు వేయించాలి అన్నది సంతకానికి ముందే తేల్చుకోవాలి. నోటిమాట మీద ఇచ్చేయడం మంచితనమే, కానీ యూనిట్ వెళ్లాక ఆ మేనేజర్ మరో సినిమాలో ఉంటాడు.

పక్కింటివాళ్లకీ ముందే చెప్పండి. వ్యాన్లు నిలిచేది వాళ్ల గేటుకడ్డంగానే. పరీక్షలు రాసే పిల్లలుంటే రాత్రి షూటింగ్ వద్దనడమే మర్యాద. రోడ్డు మీద తీయాలంటే అనుమతులు తెచ్చుకోవాల్సింది నిర్మాతే.

అన్నట్టు, పూజగదికి తాళం వేసుకోండి. డబ్బు ప్యాకప్‌లోపే తీసుకోండి. రేపు ఎడిటింగ్‌లో ఆ సీన్లెగిరిపోయి, థియేటర్లో మీ వేపచెట్టు కూడా కనబడకపోవచ్చు!