పాత ఆటకు కొత్త హంగులు – ఒక పునరుద్ధరణ నేర్పిన పాఠాలు

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అన్నది మన పెద్దల మాట. వీడియో గేముల ప్రపంచంలో మాత్రం ఈ సామెత తలక్రిందులవుతున్నది. ఇరవై యేండ్లనాటి ఆటలను వెలికితీసి, మెరుగులు దిద్ది, మరల విపణిలోకి తేవడం నేడు పెద్ద వ్యాపారం. దీనికి ‘రీమాస్టరింగ్’ అని పేరు. పాత యంత్రాన్ని విప్పి, అరిగిన భాగాలు మార్చి, తిరిగి ఉత్పత్తికి సిద్ధం చేయడం వంటిదే ఈ పని కూడా. అందులోని సాధకబాధకాలు పారిశ్రామిక సంస్థలలో పనిచేసే మనకు తెలియనివి కావు. ఇందుకు చక్కని ఉదాహరణ ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ ఆటల త్రయం.

విశాల ప్రపంచపు ఆటలు

ఈ వరుసలో ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3’ 2001 అక్టోబరులో ప్లేస్టేషన్ 2 యంత్రంపై విడుదలయింది. దానిని రూపొందించినది స్కాట్లండులోని ఎడింబరో నగరానికి చెందిన డీఎంఏ డిజైన్ సంస్థ. అదే తరువాత రాక్‌స్టార్ నార్త్‌గా పేరు మార్చుకొన్నది. 2002లో ‘వైస్ సిటీ’, 2004లో ‘శాన్ ఆండ్రియాస్’ వెలువడ్డాయి. మొదటి ఆటకు రంగస్థలం న్యూయార్కును పోలిన లిబర్టీ సిటీ. రెండవది 1986 నాటి మయామీని తలపిస్తుంది. మూడవదానిలో లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ వేగాస్ నగరాలకు ప్రతిబింబాలైన మూడు పట్టణాలున్నాయి. ఆటగాడు గిరిగీసిన దారిలోనే నడవనక్కరలేదు. ఇచ్చవచ్చిన వీధికి పోవచ్చు, కారులో రేడియో వింటూ ఊరంతా చుట్టవచ్చు. దీనినే ‘ఓపెన్ వరల్డ్’ విధానమంటారు.

ప్లేస్టేషన్ 2 ప్రధాన మెమరీ 32 మెగాబైట్లు మాత్రమే. అంత ఇరుకు చోట మహానగరం ఇమడదు. కనుక ఆటగాడు సమీపించే వీధులను మాత్రమే డిస్కు నుండి అప్పటికప్పుడు తెచ్చి, వెనుకబడిన వాటిని తొలగించే ఉపాయం పన్నారు. దూరదృశ్యాలను పొగమంచుతో కప్పివేశారు. లోపాన్ని దాచిన ఆ మంచే ఆటకు గాంభీర్యాన్నిచ్చింది. దాని ఆవల ఏమున్నదో కనబడకపోవడం వల్ల ఆ లోకం అనంతమనిపించేది.

హడావిడి విడుదల

మొదటి ఆటకు ఇరవై యేండ్లు నిండిన సందర్భంగా మూడింటినీ కలిపి ‘డెఫినిటివ్ ఎడిషన్’ పేరిట 2021 నవంబరు 11న రాక్‌స్టార్ గేమ్స్ విడుదల చేసింది. పునర్నిర్మాణ బాధ్యతను అమెరికాలోని గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ వహించింది. పాత రెండర్‌వేర్ స్థానంలో అన్‌రియల్ ఇంజిన్ వచ్చింది. ఆయుధాలను, రేడియో స్టేషన్లను ఎంచుకొనే చక్రాలు, పటంపై గమ్యానికి దారి చూపే రేఖ, విఫలమైన ఘట్టాన్ని వెంటనే తిరిగి ఆరంభించే వీలు చేర్చారు. ఇవి నిస్సందేహంగా మేలైన మార్పులు.

అయితే లోపాలూ అంతే ప్రస్ఫుటంగా బయటపడ్డాయి. వర్షం తెల్లని గీతలుగా మారి దారి కనబడకుండా చేసింది. పాత చిత్రాలను కృత్రిమ మేధ సాయంతో పెద్దవి చేయగా దుకాణాల పలకలపై అక్షరదోషాలు దొర్లాయి. ఒక తినుబండారాల అంగడి పైనున్న నట్టు బొమ్మ అంచులు నునుపుదేలి గుండ్రమయింది. నట్టుకు ఆరు పలకలెందుకుండాలో మన ఫిట్టరు సోదరులెవరైనా చెప్పగలరు! పొగమంచు తొలగడంతో శాన్ ఆండ్రియాస్‌లో విమానమెక్కితే ఈ చివరి నుండి ఆ చివరి వరకు అంతా కనిపించి, విశాల రాష్ట్రం చిన్న దీవిలా కుంచించుకుపోయింది.

వీటికి తోడు, కంప్యూటరు ప్రతిని విడుదలైన వెంటనే కొన్ని రోజులపాటు అమ్మకం నుండి ఉపసంహరించవలసి వచ్చింది. కొత్తది రాకముందే, అక్టోబరులోనే, పాత ఆటలను డిజిటల్ దుకాణాల నుండి తొలగించి ఉండటంతో కొనదలచినవారికి పాతదీ లేదు, కొత్తదీ లేదు. నవంబరు 19న రాక్‌స్టార్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, పాత ఆటలను కంప్యూటరు వినియోగదారులకు మరల అందుబాటులోకి తెచ్చింది.

దిద్దుబాట్లు

ఆ నెలలోనే మరమ్మతులు మొదలయ్యాయి. వర్షం చక్కబడింది, అక్షరదోషాలు సవరించారు. 2023 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ద్వారా వచ్చిన మొబైల్ ప్రతిలో పాత ఆటల వర్ణచ్ఛాయలను పునఃప్రతిష్ఠించే ‘క్లాసిక్ లైటింగ్’ సదుపాయం కనిపించింది. 2024 నవంబరులో అదే సదుపాయం అనేక సవరణలతో సహా ఇతర యంత్రాలకూ అందింది. ఆటగాళ్లు మూడేండ్లుగా కోరుకొన్న రూపం అప్పటికి సిద్ధించింది.

ఈ సంతోషంలో ఒక అపశ్రుతి కూడా ఉన్నది. ఆ నవీకరణతో ఆట ఆరంభంలో కనిపించే గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ పేరును తొలగించారు. ఆ సంస్థ అధిపతి దీనిపై బహిరంగంగానే ఆవేదన వెలిబుచ్చారు. పనిలో లోపాలుంటే విమర్శించవచ్చు. కాని పని చేసినవారి పేరు చెరిపివేయడం శ్రమ విలువ తెలిసినవారు హర్షించే విషయం కాదు.

మనకు పాఠం

పాత నిర్మాణంలోని ప్రతి భాగానికీ ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలియకుండా దానిని తొలగిస్తే, పొగమంచు విషయంలో జరిగినట్లే, లోపంతోపాటు గుణమూ పోతుంది. కొత్త యూనిట్ నిలకడగా నడిచేదాకా పాత యూనిట్‌ను ఆపరాదన్నది రెండవ పాఠం. సంపూర్ణ పరీక్షలకు ముందు ప్రారంభోత్సవ ముహూర్తం నిర్ణయిస్తే, ఆదా అయిన కాలానికి ఎన్నోరెట్లు మరమ్మతులకు ఖర్చవుతుందన్నది మూడవది.

చివరగా తలిదండ్రులకొక మాట. ఈ ఆటలలో నేరం, హింస పాలు ఎక్కువ. అమెరికాలో వీటిని 17 ఏండ్లు, ఐరోపాలో 18 ఏండ్లు నిండినవారికే అనువైనవిగా వర్గీకరించారు. చూడముచ్చటగా మెరుగులు దిద్దినంత మాత్రాన ఆ వర్గీకరణ మారలేదు. పిల్లల చేతికి ఏ ఆటనిచ్చినా పెట్టెపైనున్న వయోపరిమితి అంకెను ముందుగా చదవడం మన కర్తవ్యం.