మీకు తెలుసా? రాయి, కాయ, చిలక... అన్నీ మాయే!

● సిండ్రెల్లా గుమ్మడికాయ బండి 1697లో ఫ్రెంచి రచయిత చార్లెస్ పెరో అచ్చువేసిన కథలోది. అందులో చిట్టెలుకలు గుర్రాలవుతాయి, బల్లులు నౌకర్లవుతాయి. 1812 నాటి గ్రిమ్ సోదరుల కథలో గుమ్మడికాయ ఊసే లేదు. తల్లి సమాధి మీద మొలిచిన చెట్టు దగ్గరే ఆ పిల్లకు పట్టుబట్టలు దొరుకుతాయి.

● మన బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ అనే మాంత్రికుడు రాణి బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. ఎదిరించిన వాళ్లను రాళ్లు చేస్తాడు. వాడి ప్రాణం మాత్రం ఏడు సముద్రాల అవతల చిలకలో భద్రం! బుర్రకథగా ఊరూరా తిరిగిన ఈ కథను 1942లో జెమినీ సంస్థ సినిమాగా తీసింది. బాలనాగమ్మగా కాంచనమాల, మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు.

● కథల్లోనే కాదు, మన కొండల్లోనూ ఇలాంటి వింతలున్నాయి. నంద్యాల జిల్లా శిరివెళ్ల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్తే, ఎగువ అహోబిలంలో నిట్టనిలువుగా చీలిన కొండకొమ్ము కనిపిస్తుంది. అదే ఉగ్రస్తంభం. నరసింహస్వామి వెలువడిన స్తంభం ఇదేనని భక్తుల నమ్మకం.

● దారిలో ఆళ్లగడ్డ దగ్గర ఆగండి. అక్కడ రాయి దేవుడయ్యేది మంత్రంతో కాదు, ఉలితో. అక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటి మాయకథలు వస్తే, ఈ రాత్రే పిల్లలకు చెప్పించండి.