పుట్టిన బిడ్డకు పరీక్ష చేయించారా?

కాన్పు అయింది. తల్లి క్షేమంగా ఉంది. బిడ్డ కేరుమన్నది. బయట కూర్చున్న పెద్దలు అడిగే మొదటి మాట "ఆడా? మగా?" అని. రెండవ మాట "ఎవరి పోలిక?" అని. మూడవ ప్రశ్న ఒకటి ఉంది. అది తల్లిదండ్రులైన మీరే అడగాలి: "డాక్టరమ్మా, బిడ్డను తల నుంచి పాదాల దాకా పరీక్ష చేశారా?"

ఈ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. మంచి వెలుతురు, వెచ్చని గది, సబ్బుతో కడిగిన చేతులు, తూకం, టేపు, థర్మామీటరు, గుండె చప్పుడు వినే గొట్టం ఉంటే చాలు. పుట్టిన 24 గంటలలోపు ఒకసారి, ఇంటికి పంపే ముందు మరొకసారి చేయాలి. తల్లి ప్రక్కనే, ఆమె చూస్తుండగా చేయడం మంచిది. తండ్రి కూడా దగ్గర నిలబడి చూడవచ్చును. మన వైపు మగవారు మందుల చీటీ పట్టుకుని తిరగడమే తమ పని అనుకుంటారు గాని, బిడ్డ ఇద్దరిదీ కదా!

మొదట బిడ్డను తాకకుండానే చూస్తారు. రంగు ఎలా ఉంది, కాళ్లు చేతులు రెండు వైపులా సమంగా ఆడిస్తున్నదా అని. తరువాత బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెడతారు. 30కి పైన, 60కి లోపు ఉంటే సరి. 60 గాని అంతకు మించి గాని ఉంటే మళ్లీ లెక్కపెడతారు. రెండోసారీ అంతే ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా ఆస్పత్రిలో చేర్చవలసిందే. వాతలు పెడితే ఊపిరి కుదుటపడదు, పుండు ఒకటి అదనంగా తయారవుతుంది.

బరువు 2.5 కిలోలకు తగ్గితే దానిని తక్కువ బరువు బిడ్డ అంటారు. అటువంటి బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేటట్టు పెట్టుకోవాలి. తల్లి అలసిపోతే తండ్రి ఛాతీ మీద పెట్టుకోవచ్చు. కుంపటి కన్నా ఇదే మేలు, పొగ ఉండదు.

మాడు మీద వేలితో మెల్లగా తడిమి చూస్తారు. అది మెత్తగా, సమంగా ఉండాలి. కంట్లో లైటు వేసి చూస్తారు. కనుపాపలో తెల్లగా కనిపిస్తే కంటి డాక్టరుకు చూపించాలి. నోట్లో వేలు పెట్టి అంగిలి తడుముతారు. పైకి పెదవి బాగానే ఉండి లోపల అంగిలి చీలిన పిల్లలు ఉంటారు. పాలు ముక్కులోంచి వస్తుంటే అనుమానించండి.

పెదవి చీలితే మనవాళ్లు "గ్రహణం మొర్రి" అంటారు. ఆ పేరే ఎందరో కోడళ్లకు శిక్ష అయింది. గ్రహణంనాడు బయట తిరిగావనీ, కూరగాయలు కోశావనీ బాలింతను నానా మాటలు అంటారు. సూర్యుడికీ చంద్రుడికీ దీనితో సంబంధమే లేదు. కడుపులో మొదటి మూడు నెలలలో ముఖం తయారయ్యేటప్పుడు రెండు భాగాలు సరిగా అతుక్కోకపోవడమే కారణం. కుట్టు వేసి సరిచేసే ఆపరేషన్ ఉంది. కనుక ఆమెను ఏమీ అనకండి, బిడ్డను డాక్టరుకు చూపించండి.

రొమ్ములు ఉబ్బి పాలచుక్క రావడం, ఆడబిడ్డకు మొదటి వారంలో క్రింద కాస్త రక్తం కనిపించడం, నడుము మీద నీలపు మచ్చ ఉండడం రోగాలు కావు. రొమ్ములు పిండకండి. బొడ్డు మీద బూడిద, పసుపు, నూనె ఏదీ వద్దు, పొడిగా ఉంచండి. ముక్కులో, చెవుల్లో ఆముదం పోయకండి.

ఇక అందరూ మరచిపోయే చోటు ఒకటుంది. కొన్నేళ్ల క్రితం దేవరకొండ వైపు ఒక తండాలో జరిగిన సంగతి. కాన్పు ఇంట్లోనే అయింది. మగబిడ్డ. మేము వెళ్లేసరికి మూడవ రోజు. కడుపు ఉబ్బింది, బిడ్డ పచ్చగా కక్కుతున్నాడు. ఒక మూల నాటుమందు నూరుతున్నారు. పొత్తిగుడ్డ విప్పి చూస్తే మలద్వారం ఉండవలసిన చోట చర్మం మూసుకుని ఉంది. 108 బండిలో హైదరాబాదు నీలోఫర్ ఆస్పత్రికి పంపించాము. ఆపరేషన్ చేశారు, బతికాడు. తిరిగి వచ్చాక నాయనమ్మ నాతో అన్నది, "రెండు దినాలు ఎత్తుకొని తిరిగిన సారూ, ఒక్కపారి ఎన్క తిప్పి చూడకపోతి." మలద్వారం ఉందో లేదో చూడటానికి అర నిమిషం చాలు. మొదటి 24 గంటలలో నల్లని మలం పోసిందా, మూత్రం పోసిందా అన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

తుంటి కీలు చూసేటప్పుడు తొడలు మడిచి వెడల్పు చేస్తారు. "కాళ్లు విరుస్తున్నారు" అని అవ్వలు కోప్పడతారు. భయం లేదు. కీలు జారి ఉంటే ఇప్పుడే తెలియాలి, నడక మొదలయ్యాక తెలిస్తే వైద్యం కష్టం. వంకర పాదం కూడా అంతే. మొదటి వారాలలోనే మొదలుపెట్టి, వారానికొకసారి పట్టీ మార్చుతూ పోతే చాలామందికి పెద్ద ఆపరేషన్ లేకుండానే పాదం నేరుగా వస్తుంది.

పసిరికలు రెండు మూడు రోజులకు చాలామంది పిల్లలకు వస్తాయి. పుట్టిన 24 గంటలలోనే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చదనం పాకినా నీలి దీపాల క్రింద పెట్టే వైద్యం కావాలి. ముదిరితే మెదడు దెబ్బతింటుంది, చెవుడు రావచ్చు. పసరు మందు పోసి కాలం పోగొట్టవద్దు.

పుట్టుకతో వచ్చే లోపాలను కనిపెట్టి ఉచితంగా వైద్యం చేయించే బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తున్నది. లోపం కనిపించిందని బిడ్డను దాచవద్దు. ఆడబిడ్డ అయితే మరీ దాచుతారు, పెళ్లి కాదని.

కుటుంబ నియంత్రణ పుస్తకంలో ఇదంతా ఎందుకు అని మీరు అడగవచ్చు. ఎంతమంది దక్కుతారో తెలియక మన అవ్వలు అయిదారుగురిని కన్నారు. బిడ్డ దక్కుతుందన్న నమ్మకం లేకుండా "ఇద్దరు చాలు" అని ఎవరికైనా ఎలా చెప్పగలము? రెండవ కాన్పు తరువాత ట్యూబెక్టమీకి ఒప్పుకునే ముందు బిడ్డకు పరీక్ష పూర్తి అయిందా అని అడగండి. ఆ ఆపరేషన్ 7 రోజులలోపు, లేదా 6 వారాల తరువాత చేస్తారు. బిడ్డ సంగతి తేలలేదంటే ఆగండి, ఎవరూ తొందరపెట్టరాదు. ఆగినన్నాళ్లకు 48 గంటలలోపు వేసే కాపర్-టి ఉంది, ఛాయ మాత్రలు, నిరోధ్ ఉన్నాయి. 6 వారాలు దాటితే మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉంది. మగవారి ఆపరేషన్ ఆడవారి దానికన్నా తేలిక, అది ఎప్పుడైనా చేయించుకోవచ్చు. కాకపోతే తరువాత మూడు నెలలు నిరోధ్ తప్పక వాడాలి.

ఆస్పత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశ కార్యకర్త మీ ఇంటికి వస్తుంది. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా వస్తుంది. దిష్టి తగులుతుందని, చలి అని బిడ్డను చుట్టిపెట్టి దాచకండి. గుడ్డలు విప్పి ముందూ వెనకా చూపించండి. 42వ రోజున తరువాతి కాన్పుకు ఎంత ఎడం ఉండాలో ఇద్దరూ కూర్చుని ఆమెతో మాట్లాడండి.