చవుటి నేలలో కంటికి కానరాని కూలీలు

నేల కాగితములలో "చవుడు" అన్న ఒక్క మాట పడితే చాలు, ఆ చెక్క బేరము పడిపోతుంది. మన ధర్మపురిలో అరవమువారు దీనినే కళర్ అంటారు. అన్నదమ్ముల పంపకములలో ఇట్టి చెక్క వచ్చినవారు మనలో కొందరున్నారు. అయినకాడికి అమ్మివేయుదమా అని మమ్ము అడిగినవారూ ఉన్నారు. వారి కొఱకే ఈ నాలుగు మాటలు.

చవుటిలో సోడియము ఎక్కువై మట్టి రేణువులు విడిపోయి, సందులు పూడుకొని పోతవి. గాలి ఆడదు, నీరు ఇంకదు. పైరు ఎదగదు సరికదా, తొక్కిన ఆకు కూడ త్వరగా కుళ్లదు.

అంతమాత్రమున అది ప్రాణము లేని చోటు కాదు. మహారాష్ట్రలోని లోనారు సరస్సును చూడండి. ఉల్క పడి ఏర్పడిన ఆ గుంట వెడల్పు సుమారు 1.8 కిలోమీటర్లు. నీరు ఉప్పన, పైగా సోడా వలె క్షారము. పీహెచ్ లెక్కలో మంచినీరు 7 దగ్గర ఉంటే ఆ నీరు ఇంచుమించు 10. అందులోనూ సూక్ష్మజీవులు కాపురమున్నవి. 2020 జూన్‌లో ఆ నీరు గులాబి రంగుకు తిరిగినది వాటి వల్లనే.

ఇట్టి చోట్ల ఆకు అలములను జీర్ణము చేసే బాక్టీరియాలు కలవు. ఊరగాయలో ఉప్పు ముక్కలోని నీటిని లాగుతుంది గదా! ఆ గతి పట్టకుండ ఇవి తమ ఒంటిలో తగిన పదార్థములను నిలువ చేసుకుంటవి. సోడియమును బయటికి తోసి, ఉదజని కణములను లోనికి తీసుకొని క్షారమును అదుపులో ఉంచుతవి. అవి బయటికి వదలే సెల్యులేసు అను రసము క్షారములోనే చక్కగా పనిచేసి ఆకులోని పీచును చక్కెరగా విడగొడుతుంది.

వెనుక చాకలివారు చవుటి మట్టితో బట్టలుతికేవారు. 1987లో జపానులోని కావో కంపెనీ క్షారమునకు చెడని ఈ సెల్యులేసునే బట్టల సబ్బు పొడిలో కలిపినది.

అయితే ఈ కూలీలు ఒంటరిగా నేలను బాగుచేయలేరు. ముందు మట్టి పరీక్ష చేయించి, చెప్పిన మోతాదున జిప్సము చల్లవలెను. మంచినీరు నిలిపి, విడిపోయిన సోడియము నీటితో పోవుటకు కాలువ తీయవలెను. పిదప జీలుగ, అనగా అరవములో తక్కైపూండు, చల్లి పూతకు ముందే కలియదున్నవలెను. అప్పుడు వాటికి మేత దొరుకుతుంది, నేల గుల్లబారుతుంది. ఒక్క ఏట తీరే పని కాదు. అయినను పరీక్ష చీటీ చేతికి రాకముందే అమ్మకపు కాగితముపై సంతకము పెట్టకండి.