రద్దీ లేని అంగడి ఎందుకు నెమ్మదిస్తుంది?

వీధిలోని దుకాణంలో రద్దీ తక్కువగా ఉంటే సరుకు త్వరగా చేతికందుతుంది. ఆన్‌లైన్ దుకాణం విషయంలో తరచు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. వేలమంది వచ్చే దుకాణం రెప్పపాటులో తెరుచుకుంటే, రోజుకు పదిమంది వచ్చేది కొన్ని సెకన్లు తాత్సారం చేస్తుంది. చిన్న వ్యాపారికి ఆ పదిమందిలో ఇద్దరు విసిగి వెనుదిరిగినా నష్టమే. ఇంకా శక్తిమంతమైన సర్వర్‌కు అద్దె కట్టేముందు ఈ వైపరీత్యానికి కారణం తెలుసుకోవడం మంచిది.

వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్‌తో నడిచే దుకాణాన్నే తీసుకుందాం. అందులో పుటలు సిద్ధంగా ఉండవు. ఎవరైనా అడిగినప్పుడు పీహెచ్‌పీ ప్రోగ్రామ్ మేలుకొని, డేటాబేస్‌ను అనేకసార్లు ప్రశ్నించి, పుటను కూర్చి పంపుతుంది. ఆ శ్రమ ప్రతిసారీ పడకుండా తయారైన పుట నకలును కొంతకాలం దాచుకోవడాన్నే క్యాషింగ్ అంటారు. నకలుకు ఆయుష్షు ఉంటుంది. అది తీరాక వచ్చినవారి కోసం పుటను మళ్ళీ మొదటినుంచీ కూర్చాలి. రద్దీగల దుకాణంలో ఒకరు వేచివున్న ఫలితాన్ని వందలమంది అనుభవిస్తారు. రద్దీ లేనిచోట దాదాపు ప్రతివారూ మొదటివారే. ఉదాహరణకు, 200 పుటలున్న దుకాణానికి గంటకు 10 వీక్షణలు వస్తాయనుకుంటే, ఒక్కో పుట వంతు సగటున 20 గంటలకొకసారి వస్తుంది. నకలు ఆయుష్షు 10 గంటలే అయితే, ఎక్కువసార్లు అది అప్పటికే చెల్లిపోయి ఉంటుంది.

రాత్రి పొయ్యిలో నిప్పును నివురుకప్పి ఉంచితే తెల్లవారి రాజేయడం తేలిక. సర్వర్‌లో ఆ పని చేయగలది క్రాన్. 1979నాటి ఏడవ యూనిక్స్ కూర్పులోనూ ఉన్న ఈ ఉపకరణం, నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే అయిదు అంశాలతో చెప్పిన వేళకు చెప్పిన పనిని నడుపుతుంది.

వర్డ్‌ప్రెస్‌లో డబ్ల్యూపీ-క్రాన్ అనే ఏర్పాటు ముందే ఉంది కదా అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే. దానికి సొంత గడియారం లేదు. ఎవరైనా పుట తెరిచినప్పుడే, చేయవలసిన పనులేమైనా ఉన్నాయా అని చూసుకుంటుంది. రాత్రంతా ఎవరూ రాకపోతే ఏ పనీ జరగదు. పైగా, పీహెచ్‌పీ దాకా పోకుండా వెబ్ సర్వరే నకలును అందిస్తే, సందర్శకులు వచ్చినా అది మేలుకోదు. ఉగాది ఉదయం మొదలుకావలసిన తగ్గింపు ధర, సొమ్ము చెల్లించని ఆర్డర్ల రద్దు వంటివి ఇలాగే ఆలస్యమవుతాయి.

కనుక ముందుగా, సందర్శకుల మీద ఆధారపడే ఈ పద్ధతిని అమరికల ఫైలులో ఆపివేసి, అదే పనిని సర్వర్ క్రాన్‌తో అయిదు నిమిషాలకొకసారి నడిపించాలి. తరువాత ముఖపుట, విభాగాల పుటలు, ఎక్కువగా అమ్ముడయ్యే వస్తువుల పుటలను నకలు చెల్లిన వెంటనే ఒకదాని తరువాత ఒకటి తెరిచే రెండవ పనిని చేర్చాలి. నకలు ఇంకా చెల్లకముందే తెరిస్తే పాతదే తిరిగి వస్తుంది, ఆయుష్షు పెరగదు. అన్నిటినీ ఒక్కసారిగా తెరిస్తే ఆ సమయానికి వచ్చిన కొనుగోలుదారే ఇబ్బంది పడతాడు. బుట్టలో వస్తువు చేర్చే లంకెలను ఈ జాబితాలోకి రానీయకూడదు.

వేళను సర్వర్ గడియారంతో కాక కొనుగోలుదారు గడియారంతో లెక్కించాలి. సర్వర్ యూటీసీని పాటిస్తే, హైదరాబాదులో ఉదయం 7 గంటలంటే అక్కడ 1:30. అమెరికా స్థానిక సమయాన్ని పాటిస్తే, అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం మారినప్పుడల్లా ఈ లెక్క గంట అటూ ఇటూ అవుతుంది.

ఈ ఉపాయానికి హద్దులున్నాయి. బుట్ట, చెల్లింపు పుటలు ఒక్కొక్కరికీ వేరు. వాటి నకలు దాస్తే ఒకరి వివరాలు మరొకరికి కనిపించే ప్రమాదముంది. అవి నెమ్మదిగా ఉంటే అనవసరమైన ప్లగిన్లనూ, డేటాబేస్‌నూ చక్కదిద్దుకోవలసిందే.

ఫలితాన్ని కొలిచేటప్పుడు లాగౌట్ కావడం మరువకూడదు. లాగిన్ అయినవారికి సాధారణంగా నకలు కాక, అప్పటికప్పుడు కూర్చిన పుట వెళుతుంది. యజమాని చూసే వేగం కొనుగోలుదారు చూసే వేగం కాదు.