హెడ్జ్ అను మాట

నేడు నేను ‘హెడ్జ్’ అను ఇంగ్లీషు మాటను గూర్చి ముచ్చటింప దలచితిని. గోపన్‌పల్లి, గచ్చిబౌలి ప్రాంతములలో కొలువులు చేయు మన పిల్లల నోట ఈ మాట తరచుగా వినవచ్చుచున్నది. ఇది మనకు పరాయి సంగతి కాదు. హెడ్జ్ అనగా మన కంచె.

ముళ్లకంప నరికి తెచ్చి నాటినది ఎండుకంచె. వావిలి, జెముడు, గోరింట మొదలగు మొక్కలను వరుసగా పెంచినది పచ్చకంచె. ఇంగ్లీషువారు ముఖ్యముగా ఈ రెండవదానినే హెడ్జ్ అందురు. ఆ మాట వేయి యేండ్లకు మించినది. జర్మనుల ‘హెకె’ దానికి జ్ఞాతి. అంతర్జాతీయ న్యాయస్థానము వెలసిన హేగ్ నగరమునకును ఆ కుటుంబపు మాటయే పేరైనది. అచ్చట దాని యర్థము కంచెలోపలి భూమి.

ఇట్టి మార్పు మన భాషలోను జరిగినది. చేని చుట్టు నుండునది కంచె. తెలంగాణమున పశువుల మేతకై విడిచిన గడ్డిభూమి కంచ. గోపన్‌పల్లి పొరుగుననున్న కంచ గచ్చిబౌలి పేరిట ఆ మాట నేటికిని నిలిచియున్నది. 2004లో హైదరాబాదు విశ్వవిద్యాలయము అచ్చట కొంత భూమి విడిచి, గోపన్‌పల్లిలో 397 ఎకరములు పొందెనని ప్రభుత్వము చెప్పుచున్నది. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలో చెట్లు కొట్టుట ఆరంభింపగా విద్యార్థులు అడ్డుపడిరి; ఏప్రిల్ 3వ తేదీన సుప్రీముకోర్టు ఆ పనిని ఆపించెను. ఆ భూమి పూర్వము దేనికి వినియోగపడెనో దాని పేరే చెప్పుచున్నది.

ఇక సొమ్మునకు కట్టు కంచె. 17వ శతాబ్దిలో ఇంగ్లండున పందెము కాయువారు, ఒక పక్షమున కాసిన పిదప నష్టభయముచే రెండవ పక్షమునను కొంత కాసి, దానిని హెడ్జ్ అనిరి. నేటి వర్తకమునను అంతియే. మన ప్రాంతపు కంపెనీలు పెక్కింటికి రాబడి డాలర్లలో, జీతముల ఖర్చు రూపాయలలో. కావున మూడు నెలలకు రావలసిన డాలర్లకు నేడే బ్యాంకుతో ధర నిశ్చయించుకొందురు. డాలరు దిగినను నష్టము లేదు. ఎక్కినను అదనపు లాభము లేదు. కోతకు ముందే షావుకారుతో మిరపకాయల ధర కుదుర్చుకొను రైతు చేయునదియు ఇదియే. వదలుకొన్న లాభమే కంచె కూలి.

అయితే పేరు చూచి మోసపోరాదు. ‘హెడ్జ్ ఫండు’ అను పెట్టుబడి పద్ధతిని 1949లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ జోన్సు ఆరంభించెను. అతడు నష్టమునకు కంచె కట్టనే చూచెను. తరువాత వచ్చినవానిలో పెద్ద అప్పులు తెచ్చి సాహసించినవియు కలవు. 1998లో అట్టి దొకటి, లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజిమెంటు, నోబెల్ బహుమానము నందిన విద్వాంసు లిద్దరు భాగస్వాములై యుండియు, కొలది నెలలలో 400 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకొనెను. కంచెయే చేను మేసెను. భూమి అమ్మిన సొమ్ము చేతనున్నవారి కడకు ఎవరైన ఈ మాటతో వచ్చినచో, ఏ నష్టము ఎంతవరకు ఆగునో, దానికి వెల యెంతో ముందుగా అడుగవలెను.

మాటకును కంచె కలదు. ఔనని గాని కాదని గాని చెప్పక, “చూతము, కావచ్చును” అని చుట్టు తిరుగుటయు హెడ్జ్. షేక్స్పియరు నాటకములలోనే ఈ వాడుక కానవచ్చును. తెలియనిచోట “కావచ్చును” అనుట వివేకము. వైద్యుడును, వాన కబురు చెప్పువాడును అట్లే చెప్పవలెను. తెలిసియు అట్లనుట తప్పించుకొనుట. కావున పొలమున గాని, సొమ్మున గాని, మాటలో గాని కంచె కనబడినప్పుడు, అది కాపాడునది చేనునా, కట్టినవానినా యని విచారింపుడు.