పేలికల ఊరు ప్రాటో

డిజైన్, ఫ్యాషన్ చదువుకని ఇటలీ వెళ్లే మన పిల్లల్లో చాలామందికి ఫ్లోరెన్స్ అంటే మోజు. మైకెలాంజిలో చెక్కిన డేవిడ్ శిల్పం ముందు నిలబడాలని ఎవరికుండదు! కానీ పర్యావరణానికి హాని చేయని బట్ట ఎలా తయారవుతుందో తెలుసుకోవాలంటే అక్కడినుంచి రైల్లో అరగంట దూరంలో ఉన్న ప్రాటోకి వెళ్లాలి. పాత ఉన్ని బట్టల్ని చీల్చి మళ్లీ దారం తీసే పని ఆ ఊళ్లో 19వ శతాబ్దం నుంచీ సాగుతోంది.

ఈ విద్య పుట్టింది ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో. ప్రాటో దాన్ని అందుకుని సొంతం చేసుకుంది. అక్కడ దీన్ని పర్యావరణం పేరు చెప్పి మొదలుపెట్టలేదు. కొత్త ఉన్ని ఖరీదు, పాత గుడ్డ చవక. అంతే.

ఇటాలియన్‌లో ‘చెంచో’ అంటే పేలిక. పేలికలు వేరుచేసేవాళ్లు చెంచయోలి. బేళ్లలో వచ్చిన స్వెటర్లు, కోట్ల నుంచి గుండీలు, జిప్పులు, లైనింగు కోసేస్తారు. చెయ్యి తిరిగినవాళ్లకు బట్టను వేళ్ల మధ్య నలిపితే చాలు, అది మేలిరకం ఉన్నో, నైలాన్ కలిసిందో తెలిసిపోతుంది. ఆ తర్వాత రంగుల వంతు. ముదురు నీలం ఒక కుప్ప, లేత నీలం మరో కుప్ప. ఇక్కడే ఉంది అసలు కిటుకు. రంగులు సరిగ్గా వేరైతే మళ్లీ అద్దకం అక్కర్లేదు. రెండు మూడు రంగుల పీచు కలిపి కావలసిన ఛాయ తెస్తారు. అద్దకానికయ్యే నీళ్లు, రసాయనాలు, వేడి మిగిలిపోతాయి.

చీల్చినప్పుడల్లా పీచు పొట్టిదవుతుంది. పొట్టి పీచుతో వడికిన దారానికి బలం తక్కువ కాబట్టి కొంత కొత్త ఉన్నో, నైలానో కలపక తప్పదు. పాత బట్టను ఎన్నిసార్లయినా కొత్తది చేయవచ్చనుకోవడం పొరపాటు.

ప్రాటోకి మరో ముఖం కూడా ఉంది. 2013 డిసెంబరు 1న అక్కడి ఓ కుట్టుపని కార్ఖానాలో మంటలు లేచి, అందులోనే నివసిస్తున్న ఏడుగురు చైనా కార్మికులు చనిపోయారు. కుట్టే మనిషికి భద్రత లేనిచోట బట్టను పర్యావరణహితమని పిలవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఈ చదువుకు వెళ్లినవాళ్లు ఆ సంగతీ చదవాలి.

పాత బట్టను మళ్లీ వాడుకోవడం మనకు మరీ కొత్తేమీ కాదు. చిరిగిన చీరలతో బొంతలు కుట్టుకున్న ఇళ్లు మనవి. హర్యానాలోని పానిపట్‌లో ప్రపంచం నలుమూలలనుంచి వచ్చిన పాత ఉన్ని బట్టలు కంబళ్లుగా మారుతున్నాయి.

ప్రాటోలో పాత కాంపోల్మి బట్టల మిల్లే ఇప్పుడు వస్త్ర మ్యూజియం. ఇటలీలో చదువుతున్న పిల్లలారా, ఒక్క ఆదివారం ఫ్లోరెన్స్‌కి సెలవిచ్చి అక్కడికి వెళ్లి రండి.